కొండల్లో రాత్రి పాళీ లేదు

మా తమ్ముడు సోమలింగం యాభై రెండేళ్ల వయసులో బండి నడపడం నేర్చుకున్నాడు. అంతకుముందు వాడు నడిపినవన్నీ ఉన్నచోటనే ఉండి చప్పుడు చేసేవే. సూరత్‌లో గోడాదరా దగ్గర ఒక సేఠ్ కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచాలున్నాయి. సాంచాలంటే మరమగ్గాలు. ముప్పై ఏళ్లుగా మా వాడు అక్కడే. అందులో ఇరవై రెండేళ్లుగా జాబర్. దారం తెగితే నేతవాళ్లే అతుక్కుంటారు, సాంచా మొరాయిస్తే మాత్రం జాబర్‌ను పిలవాలి. వాడు వచ్చి కాసేపు చెవి పెట్టి వింటాడు, ఎక్కడో ఒక బోల్టు అర చుట్టు తిప్పుతాడు, అది మళ్లీ ఆడుతుంది. ఇంట్లో కుళాయి కారుతుంటే మాత్రం వాడికి వినపడదు.

కరోనా వచ్చిన మొదటి ఏడు సాంచాలన్నీ బందయ్యాయి. కూరగాయలు తెచ్చే టెంపో మనిషి తాళంచెవి మా వాడికిచ్చి తన ఊరికి పోయాడు, బండి మా సందులోనే ఉండిపోయింది. సోమలింగం మొదట దాన్ని తుడిచాడు. వారం తర్వాత స్టార్టు చేశాడు. ఆ మర్నాడు సందు చివరిదాకా తీసుకుపోయి, వెనక్కి తేవడం రాక అక్కడే వదిలేసి నడిచి వచ్చాడు. నేను అరుగు మీద కూర్చుని అంతా చూశాను. అనాల్సినవన్నీ అన్నాను. అయినా వాడు మానలేదు.

ఆ చలికాలానికి లైసెన్సు వచ్చింది, పాత ఈకో వ్యాను ఒకటి వచ్చింది. దాంట్లో మమ్మల్ని మా ఊరు సిరిసిల్లకు తీసుకుపోయాడు. ముప్పై ఏళ్లు రైలు జనరల్ డబ్బాలో, తలుపు దగ్గర, ఎవరి మోకాళ్ల మధ్యనో ఇరుక్కుని ఊరికి పోయి వచ్చిన మనిషికి దేశం ముందువైపు నుంచి ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఊరు చేరాక ఇంట్లోకి రాడే. బండిలోనే కూర్చుని అద్దంలోంచి చూస్తున్నాడు.

రెండో ఏడు ఎండాకాలంలో మా వాడకట్టులో ఎవరింట్లో ఏం జరిగిందో రాయను. తలుపులు మూసుకుని కూర్చున్న ఆ నెలల్లో సోమలింగం ఫోన్‌లో కొండ రోడ్లు చూడడం మొదలుపెట్టాడు. ఒకపక్క రాతిగోడ, ఒకపక్క లోయ, మధ్యలో గోరంత బండి. అన్నం ముందు పెట్టినా చూపు తిప్పేవాడు కాదు. ఒకరోజు ముద్ద చేతిలో పట్టుకుని ఒకే ఒక మాట అన్నాడు.

"కాజా."

కాజా అంటే తినేది కాదు. హిమాలయాల్లో స్పితి అనే లోయలో ఒక ఊరు. పన్నెండు వేల అడుగుల పైన ఉందట. చెట్టు మొలవదట, నవంబరులో నీళ్లు గడ్డకడతాయట. అట్లాంటి చోటికి మనిషి ఎందుకు పోవాలని అడగబోయి ఆగాను. అడిగితే నన్ను వదిలేసి పోతారేమోనని అనుమానం వచ్చింది. ఎవరు వండుతారు మీకు, నేనూ వస్తున్నాను అన్నాను. మా మరదలు ప్రమీల పొయ్యి దగ్గరికి లేచిపోయింది. అట్లా నా సంగతి తేలిపోయింది.

పోతే ఆ దీపావళికే పోవాలి. సాంచాల పనివాళ్లకు ఏడాది మొత్తంలో నాలుగు రోజులు గట్టిగా దొరికేది అప్పుడే. పైగా ఆ ఏటితో పాత సాంచాల పని సరి. సంక్రాంతి దాటగానే వాటిని తుక్కు కింద అమ్మేసి, కిమ్ అనే ఊరి దగ్గర కొత్త షెడ్డులో నీటి ధారతో నేసే మిషన్లు పెడుతున్నాడు సేఠ్. ఆ మిషన్లకు దీపావళి అయినా మూడు రోజులకు మించి సెలవుండదని ముందే చెప్పాడు. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడూ పోలేమని సోమలింగానికి తెలుసు, మాకూ తెలుసు.

ఇక చూడాలి మా ఇల్లు. ప్రమీల చీరలకు రాళ్లు అంటించే పని పక్కనపెట్టి బొంతలు కుట్టడానికి కూర్చుంది. ఊరంతా గుడ్డే గానీ చలికి కప్పుకునేది ఒక్కటీ దొరకదు సూరత్‌లో. స్వెట్టర్లమ్మేవాళ్లు ఇంకా దిగలేదు. కార్ఖానాలో మరకలు పడి తీసేసిన చీరలను ఏడేసి పొరలు వేసి కుట్టింది. గులాబీ, చిలకపచ్చ, నెమలికంఠం. కప్పుకుంటే పెళ్లి పందిరి మీద పడినట్టుండేది. సూదిమందు రెండు డోసులూ అందరివీ అయ్యాయి. నా సర్టిఫికెట్‌లో నన్ను మగమనిషిని చేశారు. దాన్ని దిద్దించడానికి మూడుసార్లు తిరిగాను. మూడోసారి అక్కడి పిల్లతో, నన్నొకసారి సరిగ్గా చూడు బిడ్డా అని మాస్కు తీశాను. దెబ్బకు దిద్దింది.

దారి లెక్కంతా సోమలింగానిది. చీరల పెట్టె అట్ట విప్పి, లోపలి తెల్లవైపు గీతలు గీశాడు. కార్ఖానా గోడకు కొట్టే పాళీల, అంటే షిఫ్టుల, పట్టిక ఎట్లా ఉంటుందో అట్లాగే. ఎడమవైపు తారీఖు, పక్కన పగటి పాళీ, ఆ పక్కన రాత్రి పాళీ. పగలు సోమలింగం నడపాలి, రాత్రి పరుశురాం. పరుశురాం కార్ఖానాలో వీడి చేతికింద పని నేర్చుకున్న మనిషి, ముప్పై అయిదేళ్లవాడు, వీడికంటే బాగా బండి నడుపుతాడు. పొద్దున ఏడుకు స్టీరింగు చేతులు మారాలి, సాయంత్రం ఏడుకు మళ్లీ మారాలి. బండి ఆగేది పెట్రోలుకు, అన్నానికి, ఇంకో అవసరానికి. నవంబరు రెండో తారీఖు పొద్దున కదిలితే నాలుగో తారీఖు సాయంత్రానికి కాజా. అక్కడ రెండు రాత్రులు. ఎనిమిదో తారీఖు రాత్రికి ఇల్లు.

ఎనిమిదికే ఎందుకంటే తొమ్మిది లాభ్ పాంచమ్. దీపావళికి మూసిన దుకాణాలూ కార్ఖానాలూ గుజరాత్‌లో ఆరోజు తెరుస్తారు. మా సేఠ్ టెంకాయ కొడతాడు, ఊదుబత్తి వెలిగిస్తాడు, పక్కకు జరుగుతాడు. అప్పుడు సోమలింగం మొదటి సాంచా నడిపిస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఆ చెయ్యి వాడిదే. జ్వరం ఉన్న ఏడు కూడా దుప్పటి కప్పుకుని పోయి నడిపించి వచ్చాడు.

ఆ పట్టికలో నాకు ఏ తప్పూ కనపడలేదు. మా వాడకట్టులో ఎవరికి కనపడుతుంది? పన్నెండు గంటలు ఒకరు, పన్నెండు గంటలు ఇంకొకరు, మిషన్ మాత్రం ఆగదు. మాలో పెళ్లిచూపులు కూడా పాళీ చూసుకునే పెట్టుకుంటారు. చూసిన ప్రతివాడూ భలే గీశావు మాస్టరూ అన్నాడు. వాడు ఆ అట్టను గోడకు కొట్టాడు.

దానికి కాలు అడ్డం పెట్టింది రఘుపతి. వరుసకు మా ఆయన తమ్ముడు. మిలిటరీలో లారీ నడిపి, రిటైరై, ఇప్పుడు కిమ్‌లో ఒక మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. ఆదివారం జొన్నరొట్టె తినడానికి మా ఇంటికి వస్తాడు. హిమాలయాల్లో పదకొండేళ్లు బండి తోలిన మనిషి ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుంటుంటే, మా సోమలింగం ఒక్క మాట అడగలేదు. మొన్న మొన్న స్టీరింగు పట్టినవాడికి అంత పౌరుషం. రఘుపతి చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ పోయి గోడ మీద అట్టను చదివాడు. చదివి మళ్లీ మొదటినుంచి చదివాడు.

"బావా, గీ రాత్రి పాళీ ఏంది?"

"పరుశురాం నడుపుతడు."

"కొండల్ల రాత్రి పాళీ లేదు. పైనుంచి రాయి పడ్డా కనపడది, రోడ్డు కోసుకపోయినా కనపడది."

"పోనీ, కొండ మొదలైనంక పగలే పోతం."

"బండి పోతది బావా. నువ్వు పోతవా? ఒక్క ఊపుల గంత పైకి ఎక్కితే గాలి చాలదు. తల పగిలిపోతది, కక్కుకుంటరు, ఊపిరితిత్తులల్ల నీళ్లు పడతయి. కింద రెండు రాత్రులు పండాలె. జర పైకి పోవాలె, మళ్ల రెండు రాత్రులు పండాలె."

"మేం గట్టిగనే ఉన్నం."

"నాతోని వచ్చిన పోరగాండ్లు నీకంటె గట్టిగుండిరి. పరుగు పందెంల ఫస్టొచ్చినోన్ని స్ట్రెచర్ మీద దించినం."

రఘుపతి పెన్సిల్ తీసుకుని అట్ట అంచున రాశాడు. నార్కండలో రెండు రాత్రులు, కల్పాలో రెండు రాత్రులు, తర్వాత నాకో, టాబో, ఆపైన కాజా. పోను రాను పదిహేడు రోజులు. పద్దెనిమిదో తారీఖుకు గానీ ఇల్లు లేదు. పాళీ గడుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట 'ఆరామ్'. సోమలింగం ఆ మాటను ఎవరో వాడి మీద పితూరీ రాసినట్టు చూశాడు.

మూడు రోజులు ఇంట్లో కొండల పేరెత్తలేదు. సెలవుకు అడ్డం లేదు, వచ్చే నెలాఖరుదాకా ఎవరు ఎప్పుడొచ్చినా సేఠ్ ఏమీ అనడు. పనివాళ్లు ఎట్లాగూ ఊళ్లనుంచి మెల్లగానే వస్తారు. అడ్డమల్లా లాభ్ పాంచమ్ ముహూర్తం. నార్కండదాకా పోయి వెనక్కి వద్దామా అని ఒకసారి నసిగాడు. సగం కొండకే అయితే మన సూరత్ పక్క గుట్ట సాపుతారా ఉంది, పొద్దున పోయి మాపటికి రావచ్చు, అక్కడ పల్లీలు తిని ఫొటో దిగి రా అన్నాను. ప్రమీల కుట్టడం ఆపేసింది. సగం కుట్టిన బొంత మంచం మీద అట్లాగే పడి ఉంది.

నాలుగో రోజు అరుగు మీద నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఆఖరి ముహూర్తం అక్కా. మల్లొచ్చే ఏడాది గవి ఉండయి. నేను లేకుండ ఎట్ల నడిపిస్తరు?"

"నువ్వు లేవని వాటికి ఎవడు చెప్తడురా? వాటికి చెవులున్నయా? ముప్పై ఏండ్ల చప్పుడుకు పోయినయి నీ చెవులే."

"నీకు తెల్వదక్కా."

"నాకు తెలుసు. నడిపించేటప్పుడు సేఠ్ నీ దిక్కు చూస్తడు, అందరు నీ దిక్కే చూస్తరు. గది ఇడువబుద్ధి అయితలేదు. ఇడువకు. ఈడనే ఉండు. కాజా ఫోన్ల చూసుకో."

కటువుగానే అన్నాను. మెత్తగా చెప్తే వాడు ఏ పనీ చెయ్యడు, చిన్నప్పటినుంచీ అంతే. లేచి లోపలికి పోయాడు. అట్ట ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత పెన్సిల్ తీసుకుని రాత్రి పాళీ గడి మొత్తం పైనుంచి కిందికి కొట్టేశాడు. కొట్టేశాక వాడికి ఇంకో సంగతి తట్టింది. రాత్రి నడపడం లేకపోతే రెండో డ్రైవరెందుకు?

పరుశురాంను పిలిపించి, తలకాయ గోక్కుంటూ, తమ్మీ ఏమనుకోకు అని మొదలుపెట్టాడు. పరుశురాం ముఖం వెలిగిపోయింది. నేను అక్కడే ఉన్నాను, కళ్లారా చూశాను.

"ఉస్తాద్, ఘాట్ రోడ్డు అంటేనే నాకు కడుపుల తిప్పుతది. సాపుతారా బస్సులనే మూడుసార్లు కక్కిన. నువ్వు రమ్మన్నవని ఒప్పుకున్న గని, నెలనుంచి నిద్ర లేదు."

"మరి ఒక్కనాడన్నా చెప్తివా?"

"నువ్వు పట్టిక గోడకు కొట్టినంక ఎట్ల చెప్పాలె?"

సోమలింగం నవ్వలేదు. వాడి భుజం మీద చెయ్యి వేశాడు. లాభ్ పాంచమ్ నాడు మొదటి సాంచా నువ్వు నడిపించాలె అన్నాడు. ఈసారి పరుశురాం ముఖం పాలిపోయింది. ఆ మర్నాడు ఇద్దరూ పోయి సేఠ్‌కు చెప్పారు. సేఠ్, ఇరవై రెండేళ్లలో నువ్వు నన్నొకటి అడగడం ఇదే మొదలు అని హిందీలో అన్నాడట. ఆ మాట సోమలింగం నాకు నాలుగుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పండుగ ముందే వచ్చింది. ప్రమీల మూడు బొంతలు పూర్తిచేసి నాలుగోది మొదలుపెట్టింది. నేను సకినాలు, నువ్వుల ముద్దలు, కారప్పొడి, పదిహేడు రోజులకు సరిపడా జొన్నపిండి మూటగట్టాను. అక్కడ జొన్నపిండి దొరకదా అని ప్రమీల అడిగింది. చెట్టే మొలవదంటే జొన్న ఎక్కడ మొలుస్తుంది పిల్లా అన్నాను. పరుశురాం ఖాళీ చేసిన సీటు నా మూటలకు వచ్చింది. సోమలింగం కార్ఖానాలో పరుశురాంను ఒక్కొక్క సాంచా దగ్గర నిలబెట్టి దాని గుణం చెప్పాడు. ఇంటికి వచ్చి అట్ట కొత్తగా గీశాడు. ఆరామ్ అని రాసిన గడులకు పసుపు రంగు వేశాడు. రఘుపతి వచ్చి చూసి, టైర్లకు గొలుసులు, తాడు, టార్చి, ఊపిరాడకపోతే వాసన చూడడానికి కర్పూరం అని నాలుగు పేర్లు చేర్చి పోయాడు. మిల్లు మూసినప్పుడే కాపలా ఎక్కువ కావాలట, లేకపోతే ఆయనా వచ్చేవాడే.

రెండో తారీఖు పొద్దున కదిలాము. ఉదయపూర్‌లో ఒక రాత్రి, జైపూర్‌లో ఒక రాత్రి. దీపావళి నాడు చండీగఢ్ దగ్గర సత్రం గుమ్మంలో రెండు దీపాలు పెట్టాము. నార్కండలో రెండు రాత్రులు పడుకున్నాం. ప్రమీలకు తలనొప్పి వచ్చి పోయింది. నాకు ఏమీ రాలేదు. ఎనిమిదో తారీఖు రాత్రి కల్పాలో ఉన్నాం. ఎదురుగా మంచు కొండ, పిలిస్తే పలికేటంత దగ్గర.

తొమ్మిదో తారీఖు పొద్దున అయిదింటికే సోమలింగం లేచాడు. పని బట్టలు వేసుకునేవాడిలా తొందరగా చొక్కా తొడుక్కుని, మీద నెమలికంఠం బొంత కప్పుకుని బయట నిలబడ్డాడు. ముహూర్తం ఏడూ ఇరవైకి. ఏడూ ఇరవై అయింది, ఏడున్నర అయింది. వెనకనుంచి ఎండ వచ్చి కొండ అంచు నిప్పులాగ అయింది. వాడు ఫోన్ వంకే చూస్తున్నాడు. ఎనిమిదికి మోగింది. పరుశురాం. వెనకనుంచి వచ్చే చప్పుడుకు వాడి మాట సగం వినపడడం లేదు. నలభై ఆరు నడిచాయి, రెండు నడవడం లేదు, ఏం చెయ్యాలి అని అడుగుతున్నాడు. సోమలింగం నోరు తెరిచాడు. ఆ రెండూ ఏవో, ఎక్కడ తిప్పాలో వాడి వేళ్లకు తెలుసు, వేళ్లు కదులుతూనే ఉన్నాయి.

"ఇయ్యాల జాబర్‌వు నువ్వు. నువ్వే చూడు," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

నా వైపు తిరిగాడు. ముఖం చిన్నపిల్లవాడిలా ఉంది.

"అక్కా, ఇయ్యాల నాకేం పని లేదు."

"ఎందుకు లేదు? బకెట్ల నీళ్లు గడ్డకట్టినయి. పోయి పగలగొట్టుకొని రా, చాయ పెట్టాలె. తొమ్మిదింటికి నాకోకు బయలెల్లాలె."