గాలి డ్యూటీ పిచ్చయ్య

పిచ్చయ్యకు కాలు ఒకచోట నిలవదు. కొత్తగూడెం దగ్గర బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు గాలి డ్యూటీ చేసిన మనిషి. సొరంగాల్లో తలుపులు మూసి, పరదాలు కట్టి, పైనున్న పెద్ద ఫ్యాను వైపు గాలిని నడిపించడం ఆయన పని. చిటికెడు దుమ్ము వదిలితే అది ఎటు పోతుందో ఫ్యాను అటే ఉన్నట్టు లెక్క. రిటైరయ్యాక భార్య యశోద పుట్టిన ఊళ్లో, తల్లాడ దగ్గర, రెండెకరాల సాగు మొదలుపెట్టాడు. వ్యవసాయంలో ఆయనకు ఓనమాలు కూడా రావు. అది ఊరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఎవరైనా గాలి మాట ఎత్తితే చాలు, ప్రాణం లేచొచ్చేది.

మొన్న కార్తీకంలో సముద్రంలో వాయుగుండం పుట్టింది. కల్లంలో ఆరు కుటుంబాల వడ్లు పరిచి ఉన్నాయి. ఇంకొక్క పూట ఎండితే తూకానికి పోతాయి. పచ్చి మీద కుప్ప చేసి కప్పితే ఆవిరి పట్టి రంగు మారతాయి. ఫోన్లు తలా ఒక మాట చెబుతున్నాయి. పిచ్చయ్య పొద్దుటి నుంచి కల్లం చుట్టూ పదిసార్లు తిరిగాడు.

"మామా, నువ్వు గాలి తెలిసినోడివి. కప్పాల్నా, ఎండనియ్యాల్నా?" అడిగాడు పక్క చేను జైరాం.

పిచ్చయ్య గుప్పెడు తాలు ఎగరేశాడు. అది దక్షిణానికి కొట్టుకుపోయింది.

"గుండం గాలిని గుంజుకుంటది, మా ఫ్యాను లెక్కనే. గాలి అటు పోతున్నదంటే గుండం నెల్లూరు దిక్కున్నట్టు. మనకేం గాదు, ఎండనియ్యుండ్రి."

అందరూ నమ్మారు. యశోద ఒక్కతే "గని వేరు, ఆకాశం వేరు" అని గొణిగింది. ఆమెను కసిరాడే గానీ పిచ్చయ్య మనసు కుదుటపడలేదు. టీ సగంలో వదిలేసి, కొత్తగూడెంలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేస్తున్న కూతురు మధులతకు ఫోన్ కలిపాడు. తన లెక్క విని మెచ్చుకుంటుందని ఆశ.

"అయ్యో నాయినా! గనిల దూరం తక్కువ, గాలి నేరుగ ఫ్యానుకే పోతది. గుండం చుట్టు గాలి వందల కిలోమీటర్లు నడుస్తది. అంతసేపు కింద భూమి తిరుగుతనే ఉంటది గద, గాలి కుడి దిక్కుకు ఒరుగుతది. అందుకే గుండంల పడకుండ దాని చుట్టు తిరుగుతది. గాలికి వీపు పెట్టి నిలబడు. గుండం నీ ఎడమచేతి దిక్కుంటది."

పిచ్చయ్య గాలి వస్తున్న ఉత్తరానికి వీపు పెట్టి ఎడమ చెయ్యి చాపాడు. చెయ్యి తూర్పును చూపింది, కాకినాడ వైపు. అక్కడ ఆకాశం అంచు అప్పటికే నల్లబడుతోంది.

తన వడ్లు మాత్రమే అయితే గుట్టుగా కప్పుకునేవాడు. ఇంత వయసొచ్చి ఊరి ముందు తప్పు ఒప్పుకోవడమంటే చచ్చేంత సిగ్గు. అయినా పంచె ఎగ్గట్టి పరుగెత్తాడు.

"నేను తప్పు చెప్పిన! కుప్పలు చెయ్యుండ్రి, జల్దీ!"

జైరాం నోటికొచ్చినట్టు తిట్టాడు, తిడుతూనే పార అందుకున్నాడు. పిచ్చయ్య తన వడ్ల వైపు వెళ్లలేదు. ముందు జైరాం కుప్ప కప్పించాడు, తర్వాత మిగతా నలుగురివీ. అవతల యశోద ఒక్కతే తమ వడ్లు దగ్గరికి లాగుతోంది. ఆయన ఆమె దగ్గరికి చేరేసరికి వాన విరుచుకుపడింది.

మూడు రోజులు కురిసింది. నాలుగో రోజు పిచ్చయ్య వాళ్ల వడ్లు సగం మొలకెత్తి ఉన్నాయి. యశోద వాటి ముందు కూర్చుని ఏడ్చింది. పిచ్చయ్య తలెత్తలేకపోయాడు. ఇక ఈ ఊళ్లో తనను ఎవరూ ఏమీ అడగరని అనుకున్నాడు, ఆ ఆలోచన వడ్లు పోయినదానికన్నా ఎక్కువ కోసింది.

అంతలో జైరాం పార భుజాన వేసుకుని వచ్చాడు. తడి వడ్లు తిరగేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగాడు.

"మామా, రేపు ఎండ కాస్తదా?"

పిచ్చయ్య ఫోన్ తీశాడు.

"ఆగు. బిడ్డను అడిగి చెప్త," అన్నాడు.