ఫొటోకి అడ్డొచ్చిన పైపు

ఆఫీసులో ఆమెని అందరూ చీపురక్క అంటారు. ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. అద్దె ఇళ్ల ఫొటోలు యాప్‌లో పెట్టే కంపెనీ అది. ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు తియ్యడం, తీసినవాటిని ఊడ్చి తుడిచి యాప్‌లోకి పంపడం ఆమె పని. తీగ మీద ఆరేసిన బనియన్లు, గోడ మీద బల్లి, మూలనున్న విరిగిన బకెట్టు, కిటికీలోంచి తొంగిచూసే పక్కింటి చెత్తడబ్బా, ఏదైనా సరే, ఫోన్లో వేలితో చుట్టూ ఒక గీత గీస్తే చాలు, మాయం. దాని వెనకాల ఏముండాలో ఏఐ తనే ఊహించి పూడ్చేస్తుంది. బల్లి ఉన్నచోట సున్నం, బకెట్టు ఉన్నచోట గచ్చు.

అంతకుముందు పెళ్లి ఆల్బములు చేసే స్టూడియోలో ఉండేది. పెళ్లికూతురి బుగ్గ మీది మొటిమ కోసం మౌసు పట్టుకుని పూటంతా కూర్చునేది. ఆ రోజుల్లో ఒక వస్తువుని ఫొటోలోంచి తీసెయ్యాలంటే ముందు దాన్ని బాగా చూడాల్సొచ్చేది. దాని అంచు, దాని నీడ, అది దేనికి ఆనుకుని ఉంది, అన్నీ. ఇప్పుడు ఆ బాధ లేదు. స్టూడియో మూతబడ్డాక, తన నోటి దగ్గరి కూడు లాక్కున్న ఫోన్నే చేతబట్టుకుని ఈ కొలువులో చేరింది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలన్నారు పెద్దలు. తీసిన ముల్లుని ఎక్కడ పారెయ్యాలో మాత్రం చెప్పలేదు.

స్వతహాగా పిరికిది. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చే రకం. భర్త బండి నడుపుతుంటే వెనక కూర్చుని తను కాలితో బ్రేకు తొక్కుతుంది. "నీడని చూసి జడుసుకునేదానివి, నీడల్ని తుడిచే ఉద్యోగం నీకెవరిచ్చారే?" అని వాళ్లక్క ఆటపట్టిస్తుంది. పిరికివాళ్లంటే మనకి మొదట్నుంచీ చిన్నచూపే. ధైర్యాన్ని పొగిడే మాటలు కోకొల్లలు, భయాన్ని పొగిడేది వెతికినా దొరకదు. ఈమె కథలో ధైర్యవంతులకేం కొదవలేదు. వాళ్లు చేసిన ఘనకార్యం కూడా చెప్పుకుందాం.

అది రెండు వాటాల ఇల్లు. కింది వాటా ఫొటోలకి వెళ్లినప్పుడు హాలు నడిమధ్యలో, నేల నుంచి కప్పు దాకా, ఒక ఇనుప పైపు నిలబెట్టి ఉంది. స్లాబు పోసేటప్పుడు కింద పెడతారే, ఆ రకం. కింద చదరపు రేకు, పైన చదరపు రేకు, ఒళ్లంతా తుప్పు. దానికెవరో ఒక గొడుగు తగిలించారు.

"ఇదేంటన్నయ్యా?" అని బ్రోకరుని అడిగింది.

"ఏదో పాత సామాను చెల్లెమ్మా. రంగులేసినవాళ్లు వదిలేసి ఉంటారు. తుడిచేద్దూ."

తుడిచేసింది. గొడుగుతో సహా. పైపు ఉన్నచోట ఏఐ తన సొంత తెలివితో ఒక ఎండ చార కూడా పరిచింది. ఫొటో ఎంత బాగా వచ్చిందంటే, ఆ హాల్లో సైకిలు తొక్కొచ్చనిపించింది.

వానలు వెళ్లాక పై వాటా ఖాళీ అయింది. బ్రోకరు తాళంచెవి పంపించాడు, ఆమె ఒక్కతే వెళ్లింది. ఓనరు తన పాత ఇనుప బీరువాలన్నీ పైన హాల్లోనే చేర్చాడు. వాటి పక్కన నిండుగా నీళ్ల డ్రములు. ఎవరో అప్పుడే తడిగుడ్డతో తుడిచి వెళ్లినట్టున్నారు. గది అంచులన్నీ ఆరిపోయాయి, మధ్యలో మాత్రం నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. ఆ మడుగులోంచి గోడ దాకా టైల్స్ మీద ఒక పగులు. ఫొటో తియ్యగానే బీరువాలు, డ్రములు, మడుగు, పగులు, అన్నిటి చుట్టూ ఏఐ తనంతట తనే గీతలు గీసి, తీసెయ్యమంటారా అని అడిగింది. ఆమె సరేనంది. ఫొటో యాప్‌లోకి వెళ్లిపోయింది. ఏళ్ల తరబడి అలవాటైన వేలు అది, అడగ్గానే సరేనంటుంది.

దాహమేసి కిందికి దిగింది. కింది వాటాలో దిగింది ఒక టైలరమ్మ. తలుపు తీసే ఉంది, మిషను రయ్యిమంటోంది.

"రామ్మా రా, కూర్చో. ఫొటోలు తీసేది నువ్వేనా? నీ ఫొటో చూసే మేం ఈ ఇంట్లో దిగాం" అంటూ టైలరమ్మ గ్లాసుతో నీళ్లిచ్చి మళ్లీ మిషను ముందు కూర్చుంది.

చీపురక్క నీళ్లు తాగుతూ తలెత్తింది. సరిగ్గా మిషను మీద, కప్పులో, చదరంగా ఒక తుప్పు మరక. కిందికి చూసింది. టైలరమ్మ కాళ్ల దగ్గర, గచ్చు మీద, అదే కొలత మరక. మధ్యలో ఏమీ లేదు. ఫొటోలో ఉన్నట్టే ఉంది.

"ఇక్కడ... ఒక పైపు ఉండాలి కదండీ?"

"ఆ దరిద్రం మాటా! ఇల్లు చూడ్డానికొస్తే, పనీపాటా లేని మొగుడిలా హాలు మధ్యలో నిలబడుంది. ఫొటోలో లేదే, ఇదెక్కణ్నుంచి ఊడిపడిందని మీ బ్రోకరుని నిలదీశా. ఫొటోలో ఎలా ఉందో అలా చేసిస్తేనే దిగుతానన్నా. మర్నాడే పీకించేశాడు. ఏమాటకామాటే, మాటమీద నిలబడే మనిషి."

గ్లాసులో నీళ్లు అలలు వేస్తున్నాయి. ఆమె గ్లాసు కింద పెట్టింది. లోపలి గది తలుపు పై అంచు గీరుకుపోయి కనిపించింది.

"లోపలి గది తలుపు సరిగ్గా పడుతోందాండీ?"

"నీకెలా తెలుసే? బిగుసుకుపోతోంది. వానలకి చెక్క ఉబ్బింది."

"వానలు పోయాయి కదండీ. ఒక్క నిమిషం మిషను ఆపుతారా?"

"తలనొప్పా?"

"ఆపండి."

మిషను ఆగింది. ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు వినపడింది, ఎక్కడో పైన, పంటి కింద పంచదార పలుకు నలిగినంత సన్నగా. ఆగింది. మళ్లీ నలిగింది.

"ఎలకలు" అంది టైలరమ్మ. ఆమె కూడా ధైర్యవంతురాలే.

చీపురక్క వరండాలోకి వచ్చి బ్రోకరుకి ఫోన్ చేసింది. "అన్నయ్యా, కింద పైపు పీకించారా?"

"తీసింది నువ్వేగా చెల్లెమ్మా! నిన్ను చూసే నేనూ తీశా" అని నవ్వాడు.

"అది ఊతేమోనన్నయ్యా. పైన నేల దిగింది. పగిలింది కూడా."

"ఓనర్ని అడిగే తీయించా. వాళ్ల నాన్న పెట్టించాడట, ఎందుకో ఈయనకి తెలీదట. నాన్న పోయాడు, పైపు మిగిలింది. అయినా ఇన్ని నెలలైంది, పడేదైతే ఈపాటికి పడేది కదా? నీ భయం నలుగురికీ అంటించకు. ఇంటికి చెడ్డపేరొస్తుంది. నీ కొలువూ పోతుంది."

పడేదైతే ఈపాటికి పడేది. ధైర్యానికున్న తర్కమంతా ఇంతే. కూలిన ప్రతి కప్పు కిందా, కూలే ముందు రోజు దాకా, ఎవరో ఒకరు ఈ మాట అంటూనే ఉంటారు.

ఆమెకి మాత్రం ఏం తెలుసు? ఇనుము గురించి తెలియదు, సిమెంటు గురించి తెలియదు. ఎలకలే కావచ్చు. తన పిరికితనం పది మందికీ తెలిసిందే. రేపు ఏమీ పడకపోతే చీపురక్క పేరు పోయి ఇంకేదో పేరు వస్తుంది, జీతం పోతుంది. పడితే? చెప్పులు వేసుకుంది. గేటు దాకా వెళ్లింది. ఎదురింట్లో ఒక మేస్త్రి గోడకి పూత పూస్తూ కనిపించాడు.

"బాబాయ్, ఒక్కసారి ఇటొచ్చి చూస్తావా?"

మేస్త్రి తాపీ చేత్తో పట్టుకునే వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగాడు. పైన మరక చూశాడు, కింద మరక చూశాడు. గుమ్మం దాటలేదు.

"పైనేముంది?"

"ఇనుప బీరువాలు. నీళ్ల డ్రములు."

అతని గొంతు తగ్గిపోయింది. గట్టిగా మాట్లాడితే ఏదో లేస్తుందన్నట్టు. "ఇంట్లో ఎంతమంది?"

"నేను, మా అత్తగారు. పాప బడికెళ్లింది. ఏమైందయ్యా?" అంది టైలరమ్మ.

"నేను ఇంజినీర్ని కాదమ్మా. పడుతుందో పడదో చెప్పలేను. నువ్వు కూర్చున్నచోట మాత్రం నేను కూర్చోను."

టైలరమ్మ లేచింది. కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. గోడకి అతుక్కుని, పక్కపక్కకి అడుగులేస్తూ గుమ్మం దాకా వచ్చింది. "మా అత్తకి తుంటి విరిగింది. లోపలి గదిలో మంచం మీద ఉంది. రావాలంటే ఈ హాల్లోంచే రావాలి" అంది. గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

ఆ క్షణాన చీపురక్కకి ఎక్కడలేని ధైర్యం వచ్చిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. రాలేదు. ఫొటోలో వేలితో గీసిన గీత కళ్ల ముందు తిరిగింది. ఆ భయంతోనే చెప్పులు విడిచి, మేస్త్రి వెనకాల గోడ వారగా లోపలికి వెళ్లింది.

గది తలుపు బిగుసుకుని ఉంది. టైలరమ్మ భుజంతో నెట్టబోయింది.

"అలా గట్టిగా నెట్టకమ్మా!" అన్నాడు మేస్త్రి. తలుపు పై సందులో తాపీ దూర్చి, కాస్త కాస్తగా లోపలికి జరిపాడు. మీద ఏదో నలిగింది. ముగ్గురూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. తలుపు తెరుచుకుంది.

మంచం మీద పెద్దావిడ మేలుకునే ఉంది. "ఎవరే వీళ్లంతా?"

"మాట్లాడకండి అత్తయ్యా, బయటికెళ్దాం."

"ఎక్కడికే మోసుకుపోతున్నారు? నేనింకా పోలేదు!"

"గట్టిగా అరవకండి."

"నా ఇంట్లో నేను అరవకూడదా?"

"అద్దిల్లు అత్తయ్యా, మన ఇల్లు కాదు."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. వెనక మేస్త్రి, ముందు చెరో కుర్చీకాలు పట్టుకుని ఆడవాళ్లిద్దరూ. హాల్లో గోడ పక్కన దారి సన్నం, కుర్చీ వెడల్పు. మిషను పక్కనుంచి వెళ్లక తప్పలేదు. చీపురక్క పైకి చూడనని ఒట్టేసుకుంది. నేలనే చూస్తూ నడిచింది. నేల మీది తుప్పు మరక తన బొటనవేలి పక్కకి వచ్చింది. అదే సమయానికి పెద్దావిడ నెరిసిన జుట్టు మీద పిండి జల్లించినట్టు తెల్లగా ఏదో రాలింది.

"సున్నం రాలుతోంది కదే! ఓనరుకి చెప్పలేదా?"

ఊపిరి తీస్తే కదా జవాబు. గుమ్మం దాటారు, వరండా దాటారు, గేటు దాటి రోడ్డు మీదికొచ్చాక కుర్చీ దించారు. చీపురక్క అక్కడే కూలబడింది.

"ఇంజినీరు వచ్చి చూసేదాకా లోపలికెవరూ వెళ్లకూడదు. పైకి అసలు వద్దు. ఇప్పుడున్న బరువు మీద ఇంకో మనిషి అడుగు పడినా..." అని మేస్త్రి మాట మింగేశాడు. ఓనరుకి ఫోన్ చెయ్యమని, ఊత కర్రల కోసం ఎదురింటికి పరిగెత్తాడు. టైలరమ్మ పాపకి ఎదురెళ్లడానికి బడి వైపు నడిచింది.

బండి మీద ఒక కుర్ర జంట వచ్చి ఆగింది.

"పై వాటా ఇదేనాండీ? ఫొటోలు ఇప్పుడే చూశాం. పక్క వీధిలోనే ఉన్నాంలెండి, ఎవరైనా ఎగరేసుకుపోతారని వెంటనే వచ్చాం" అన్నాడు అతను.

చీపురక్క లేచి గేటు మూసి గడియ పట్టుకుంది. "చూడకూడదండీ. నేల పగిలింది. దిగిపోయింది."

అతను ఫోన్ తీసి ఫొటోని రెండు వేళ్లతో పెద్దది చేశాడు. "ఎక్కడండీ? అద్దంలా ఉంది కదా."

"అది నేను తుడిచేశానండీ. తీసింది నేనే, తుడిచిందీ నేనే."

భార్య నవ్వింది. "వేరేవాళ్లకి ఇచ్చేసుంటే చెప్పెయ్యండాంటీ, మేమేం అనుకోం. దానికింత కథెందుకు?"

చీపురక్క తన ఫోన్లో అసలు ఫొటో తీసి చూపించింది. బీరువాలు, డ్రములు, మడుగు, పగులు. అతను తన ఫోన్ని ఆమె ఫోను పక్కన పట్టుకుని, రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"దీన్ని తుడిచి అది చేశారో, దానికి పగులు పెట్టి ఇది చేశారో మాకెలా తెలుస్తుందండీ?" అన్నాడు. తప్పుపట్టే గొంతు కాదు, మామూలుగానే అడిగాడు. "ఒక్కసారి పైకెళ్లి మా కళ్లతో చూసొస్తాం. అడుగు పెట్టి వచ్చేస్తాం, అంతే."

ఆమె చేతిలో ఫోను మోగింది, బ్రోకరు. రెండో చేత్తో గడియని ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను గేటు మీద చెయ్యి వేశాడు, మర్యాదగానే.

"పెద్దమ్మా, కాస్త జరుగుతారా?" అని చీపురక్క కుర్చీ వెనకాలకి వెళ్లి, పెద్దావిడతో సహా దాన్ని గేటుకి అడ్డంగా లాగింది.

"ఏమిటే ఈ గోల!" అంది పెద్దావిడ. ఆ కుర్రాణ్ని ఎగాదిగా చూసింది. జుట్టు మీది తెల్లపొడి దులుపుకుని, విరిగిన తుంటిని సర్దుకుని, కుర్చీలో వెనక్కి వాలింది.