పైకా, కిందకా?

మనిషిని జైల్లో పెట్టాలంటే ఏదో ఒక నేరం చేసి ఉండాలి. ఉద్యోగంలో పెట్టడానికి అదీ అక్కర్లేదు. నమ్మకపోతే ఆ ఆఫీసుల భవనంలో లిఫ్టు నడిపే ఆయన్ని చూడండి. ఇనుప జాలీ తలుపు, చెక్క స్టూలు, నెత్తిన కరకరలాడే బుల్లి ఫ్యాను, కాస్త కదిలితే గోడకు తగిలే మోకాళ్లు. పాతకాలం లిఫ్టు కాబట్టి జాలీ ఒకరు లాగితే గానీ మూసుకోదు. పొద్దస్తమానం ఎక్కినవాళ్లందర్నీ "పైకా, కిందకా?" అని అడుగుతాడు పాపం, తను మాత్రం ఎటూ పోడు.

ఆ పెట్టెలో ఊపిరాడనట్టు ఉన్నా భరించాడు. భరించలేనిది ఇంకోటుంది. ఇంట్లో పాకే వయసు కూతురు. ఆ పిల్ల లేవకముందే ఈయన బస్సెక్కాలి, నిద్రపోయాక ఇల్లు చేరాలి. వారానికో సెలవు రోజున ఆశగా చేతులు చాపితే, పిల్ల ఎవరో దొంగను చూసినట్టు గుక్కపట్టేది.

"పాలవాణ్ణి చూసి నవ్వుతుందండీ, మిమ్మల్ని చూస్తేనే ఈ రాగం" అని భార్య ఆటపట్టించింది. ఆయనా నవ్వాడు గానీ ఆ పూట ముద్ద దిగలేదు.

ఆ భవనంలోనే పై అంతస్తులో పిల్లల డాక్టరమ్మ ఉంది. ఓ రోజు లిఫ్టులో ఆవిడొక్కతే ఉన్నప్పుడు, నా బిడ్డ నన్నెందుకు గుర్తుపట్టదమ్మా అని అడిగేశాడు. మధ్యలో ఎవరెవరో ఎక్కి దిగడంతో జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. పసిబిడ్డలు కొత్తగా చూసింది వాళ్ల బుర్రలో నిలవాలంటే, ఆ తర్వాత కాసేపట్లో ఓ కునుకు పడాలట. నిద్రలోనే అది గట్టిపడుతుందట. చాలాసేపు మెలకువగా ఉండిపోతే చూసింది చూసినట్టే జారిపోతుందట. "నిద్రకు ముందు మీరు కనబడుతున్నారా?" అని అడిగి దిగిపోయింది.

కనబడటమా! పిల్ల మధ్యాహ్నం కునుకు తీసే వేళకి ఈయన అయిదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య వేలాడుతుంటాడు. ఏడుపొచ్చినంత పనైంది.

భార్యే దారి చూపింది. ఆయనకి అన్నం డబ్బా పంపించే బదులు, పిల్లని చంకనేసుకుని తనే తేవడం మొదలుపెట్టింది. ఆ వేళ లిఫ్టు ఖాళీ. ఈయన తన డ్యూటీ టోపీ ఎత్తి, నాలిక టకటకలాడించి, "పైకా, కిందకా?" అనేవాడు. మొదట్లో మూతి బిగించిన పిల్ల, తర్వాత్తర్వాత కిలకిలలాడింది. బస్సెక్కేసరికి తల్లి భుజం మీద నిద్ర. కొన్నాళ్లకు జాలీ కనబడగానే కాళ్లాడించడం మొదలెట్టింది. ఈయన ఎక్కినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, దిగేవాళ్లనీ వదల్లేదు.

సెలవు రోజు వచ్చింది. ఉతికిన చొక్కా వేసుకుని, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, ధీమాగా చేతులు చాపాడు. పిల్ల ఒక్క చూపు చూసి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

మర్నాడు డాక్టరమ్మ చెప్పింది విని స్టూలు మీద కూలబడ్డాడు. ఈ వయసులో జ్ఞాపకం ఒక్కోసారి చూసిన చోటికే అతుక్కుపోతుందట. టోపీ, జాలీ, ఫ్యాను చప్పుడు, అన్నీ కలిస్తేనే ఈ నాన్న. పెద్దయ్యేకొద్దీ సర్దుకుంటుంది బాబూ అంది ఆవిడ. అప్పటిదాకా ఆగేదెలా? ఈ పెట్టె రోజూ పొద్దంతా తనని తిన్నది చాలక, బిడ్డకున్న నాన్ననీ లోపలే ఉంచేసుకుంది.

మళ్లీ సెలవు రోజు ఆయన చేసిన పని పిచ్చిపనే. బీరువాకీ గోడకీ మధ్య ఉన్న సందులో స్టూలు వేసుకుని, మోకాళ్లు ముడుచుకుని, టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. పిల్లకి నిద్రవేళయ్యేదాకా ఆగి, తీసుకురమ్మన్నాడు. "ఒక్కరోజు బయటపడితే ఇంట్లోనూ లిఫ్టేనా?" అంటూనే తెచ్చింది భార్య.

నాలిక టకటకలాడించాడు. "పైకా, కిందకా?"

పిల్ల బీరువా వంక చూసింది, టోపీ వంక చూసింది, నవ్వింది. ఆయన ఒళ్లోకి వాలింది. కళ్లు మూతలు పడుతున్నప్పుడు ఆయన నెమ్మదిగా టోపీ తీసేశాడు. పిల్ల కింది పెదవి వణికింది. మళ్లీ అదే మాట, ఈసారి గుసగుసగా అడిగాడు. బట్టతలనే చూస్తూ చూస్తూ పిల్ల నిద్రపోయింది.

కాళ్లు తిమ్మిరెక్కాయి. మంచం మీద పడుకోబెట్టమంది భార్య. వద్దన్నాడు. "లేచేసరికి నేను ఇలాగే కనబడాలి."

కదలకుండా ఆ సందులోనే కూర్చున్నాడు. పిల్ల కళ్లు తెరిచి, చాలాసేపు పైకి చూసింది. చిన్న చెయ్యి వెళ్లి బట్టతల మీద టోపీ కోసం తడిమింది, దొరకలేదు.

పిల్ల ఏడవలేదు. చెయ్యి మాత్రం అక్కడే ఉంచింది.