ఎడమ చేత్తో కొట్టిన నోట్సు

పదో తరగతిలోకి వచ్చే ముందు వేసవిలో, అనంతపురం నుంచి మా ఊరికి తిరిగి వస్తుండగా మేమెక్కిన ఆటో రాప్తాడు దాటాక బోల్తా పడింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. పగిలిన అద్దం మాత్రం నా కుడి మణికట్టును లోపలి వైపు కోసేసింది. ఆస్పత్రిలో నరం కుట్టారు. అది మళ్ళీ పని చేయడానికి చాలా నెలలు పడుతుందనీ, పూర్తిగా వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేననీ డాక్టరు అన్నారు.

కట్టు విప్పాక బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళూ నావి కానట్టే ఉండేవి. పెన్ను పట్టుకుంటే పట్టుకున్న సంగతి తెలిసేది కాదు. అది జారిపోయిందని కూడా నేల మీద చప్పుడైతేనే తెలిసేది. ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టాను. సార్ ఒక పేజీ చెప్పి ముగించేసరికి నాకు రెండు లైన్లు కూడా అయ్యేవి కావు. చుట్టూ పెన్నులు కదులుతుంటే, పోతున్న బస్సు వెనక పరిగెత్తుతున్నట్టు గుండె దడదడలాడేది. ఈ ఏడాది తప్పితే ఇక నన్ను చదివించరని నాకు నేనే అనుకున్నాను. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. అయినా నాకు అదే వినపడేది.

ఇంజినీరింగ్ చదువుతున్న మా అక్క ఒక ఆదివారం తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. "నేను కాలేజీ ల్యాబులో చేసుకుంటాలే. నువ్వు ఒక చేత్తో టైపు కొట్టడం నేర్చుకో" అంది.

నాయన చాలాసేపు దాని వైపే చూశాడు. ఆయన భయం వేరే.

"స్కూలుకు మళ్ళా ఆటోలోనే గదా పోవల్ల. ఉండేది ఒక చెయ్యి. ఆ చేత్తో దీన్ని పట్టుకుంటే, దేన్ని ఆనుకుంటావు?"

అమ్మ పాత దుప్పటి కత్తిరించి, రెండు భుజాలకీ పట్టీలు వచ్చేలా సంచి కుట్టింది. చంటిబిడ్డను కట్టుకున్నట్టు దాన్ని ఎదకు కట్టుకుని, ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని కూర్చునేదాన్ని. హైవే మీద లారీ పక్కనుంచి పోతే కళ్ళు మూసుకునేదాన్ని. నా ఒంటికి ఏమవుతుందో అన్నదానికంటే, ఎద మీదున్న ఆ బరువుకు ఏమవుతుందో అన్న భయమే ఎక్కువ.

మాది ప్రభుత్వ హైస్కూలు. ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలంటే హెడ్మాస్టర్ ఒప్పుకోవాలి. స్టాఫ్‌రూం బయట నన్ను నిలబెట్టి లోపల మాట్లాడుకున్నారు. తలుపు దగ్గరికి వేసి ఉన్నా అన్నీ వినపడుతున్నాయి.

లెక్కల సార్ గొంతు పెద్దది. "చేత్తో రాయకుంటే బుర్రకెక్కదు సార్. ఈ పాపకు ఇచ్చినామనుకోండి, రేపు అందరూ సెల్లులు తెస్తాం అంటారు. ఏం జెప్తాం?"

"ఆ పాప చెయ్యి చూసినారా మీరు?" సోషల్ మేడం అడిగింది.

"చూసినా. చూసినా గాబట్టే అంటాండా. చెయ్యి పోయిందని బుర్ర గూడా దానికే అప్పజెప్తే ఎట్ల?"

హెడ్మాస్టర్ "దసరా సెలవుల దాకా చూద్దాం. పనికొస్తే సరి, లేకుంటే తీసేద్దాం" అన్నారు. నాకు అనుమతి వచ్చిందన్న సంతోషం కలగలేదు. తీసేద్దాం అన్న మాట ఒక్కటే చెవిలో నిలిచిపోయింది.

అందుకే పోటీకి దిగినట్టు కొట్టాను. నెల తిరగకుండానే ఎడమ చేయి ఎంత వేగం అందుకుందంటే, టీచర్ నోటి నుంచి వచ్చిన మాట వచ్చినట్టు తెరమీద పడేది. క్లాసు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు నా కీబోర్డు టకటక ఒక్కటే వినపడేది. ముందు బెంచీల వాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఒక్క మాట జారిపోయినా పరీక్షలో అదే వస్తుందేమోనని తల ఎత్తేదాన్ని కాదు. పాఠాలు ఇంగ్లీషులో. సగం మాటలకు అర్థం తెలియదు. తర్వాత చదువుకుందాంలే అనుకునేదాన్ని. తర్వాత తెరిస్తే పేజీలకు పేజీలు ఉండేవి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మూసేసేదాన్ని.

ఒకరోజు సోషల్ మేడం వానల గురించి చెబుతోంది. నైరుతి గాలులు, పడమటి కనుమలు, వాటికి ఇవతల వాన అందని వర్షచ్ఛాయ. చెబుతూ చెబుతూ నా బెంచీ పక్కన ఆగింది.

"పాపా, మన జిల్లాలో వాన ఎందుకు తక్కువ?"

నేను తెర వైపు చూశాను. అక్కడ అంతా ఉంది. చదవబోయాను.

"చూడకుండా చెప్పు."

లేచి నిలబడ్డాను. మా చేలో చెనిక్కాయ విత్తు వేసి నాయన మబ్బుకేసి చూడటం పుట్టినప్పటి నుంచి చూస్తున్నదాన్ని. అయిదు నిమిషాల కింద ఆ కారణం నా వేళ్ళ మీదుగానే పోయింది. తలలో మాత్రం ఏమీ లేదు. బెంచీ పట్టుకుని, "తెలీదు మేడం" అన్నాను. మేడం కోప్పడలేదు, కూర్చోమంది.

బెల్లయ్యాక దగ్గరికి పిలిచింది. "నీకు ఎవరైనా చెప్పినారో లేదో. పబ్లిక్ పరీక్షలో ఈ ల్యాప్‌టాప్ వాడనియ్యరు. నువ్వు నోటితో చెప్తే, కింది క్లాసు పాప ఎవరైనా రాస్తాది. నువ్వు చెప్పిందే రాయాల, సొంతంగా ఒక్క ముక్క చేర్చకూడదు."

నాకు ఎవరూ చెప్పలేదు. పరీక్షల నాటికి చేయి వస్తుందనో, లేకుంటే ల్యాప్‌టాప్ ఇస్తారనో అనుకుంటూ ఉన్నాను. పక్కన మనిషిని పెట్టుకుని, మూడు గంటలపైన, ఇంగ్లీషులో, గట్టిగా మాట్లాడాలి. అక్కడ నిలబడే ఏడ్చాను.

"నేను పాఠం చెప్పేటప్పుడు మూత దించి పెట్టు. విను. అయిపోయినాక నీకు గుర్తుండేది మాత్రం కొట్టుకో."

"గుర్తుండకపోతే మేడం?"

"అప్పుడు నన్ను అడుగు."

మొదటి రోజు మూత దించి కూర్చుంటే, కళ్ళముందే సొమ్ము నీళ్ళలో కొట్టుకుపోతున్నట్టు అనిపించింది. ఆ రోజు ఆరు లైన్లు కూడా రాలేదు. చాలా వారాలు అంతే. కానీ ఆ లైన్లు నేను కూడదీసుకుని పెట్టినవి, అర్థం తెలిసి పెట్టినవి. దసరా సెలవులు దాటినా హెడ్మాస్టర్ ల్యాప్‌టాప్ తీసేయమనలేదు.

లెక్కలకు ల్యాప్‌టాప్ ఎటూ పనికిరాలేదు. ఒంటిచేత్తో భిన్నాలు, వర్గమూలాలు కొట్టడం నా వల్ల కాలేదు. లెక్కల సార్ ఈ సంగతి గ్రహించి, ఒకరోజు చాక్‌పీసు తీసుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు. "నువ్వు చెప్పు, నేను రాస్తా. తప్పు చెప్తే తప్పే రాస్తా."

నిజంగానే రాశాడు. నా తప్పు క్లాసంతటి ముందు పెద్ద అక్షరాల్లో బోర్డు మీద నిలబడింది. ఎవరూ నవ్వకుండా ఆయన వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. "యాడ తప్పిందో చూసుకో" అన్నాడు. వారానికి ఒకటి రెండుసార్లు ఇలా జరిగేది.

నాకు రాసి పెట్టడానికి మా ఊరి తొమ్మిదో తరగతి అమ్మాయి ఒప్పుకుంది. సాయంత్రాలు మా వసారాలో కూర్చుని అభ్యాసం చేసేవాళ్ళం. నాకంటే తనకే ఎక్కువ భయం.

"అక్కా, నేను స్పెల్లింగ్ తప్పు రాస్తే నీ మార్కులు పోతాయి గదా?"

"పోతాయి" అన్నాను. అబద్ధం చెప్పి ధైర్యం చెప్పాలని తోచలేదు. ఆ పిల్ల పెన్ను మూత తీసి, "అయితే నువ్వు నిదానంగా చెప్పు" అంది.

పరీక్షకు మా ఇద్దరికీ వేరే గది ఇచ్చారు. ఒక ఇన్విజిలేటర్, మూడు కుర్చీలు. ఖాళీ గదిలో నా గొంతు నాకే పరాయిదిలా వినపడింది. సోషల్ పరీక్ష సగంలో ఉండగా ఒక ప్రశ్నకు నోరు పెగల్లేదు. ఆ పిల్ల పెన్ను ఎత్తి పట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. తనకు నోరు విప్పే వీల్లేదు. తనకు జవాబు తెలుసేమో కూడా. ఫ్యాను తిరుగుతోంది. ఇన్విజిలేటర్ గడియారం చూసుకున్నాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. తర్వాత, పుస్తకంలో ఎలా ఉందో వెతుక్కోవడం మాని, నాకు తెలిసినంత వరకు చిన్న చిన్న మాటల్లో మొదలుపెట్టాను. తప్పుల ఇంగ్లీషే. పెన్ను కదిలింది.

పాసయ్యాను. గొప్ప మార్కులు కావు. లెక్కల్లో తక్కువే వచ్చాయి. లెక్కల సార్ "గట్టెక్కినావు, అది చాలు ఇప్పటికి" అన్నాడు. నేను కోరుకున్న మెచ్చుకోలు అది కాదు. కానీ ఆయన అంతకంటే ఎప్పుడూ ఎవరినీ మెచ్చుకోలేదు.

ఇప్పుడు డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. చేయి చాలా వరకు వచ్చింది. ఒక పేజీ రాసేసరికి వేళ్ళు మొద్దుబారతాయి. అప్పుడు ల్యాప్‌టాప్ తీస్తాను. ఎవరైనా వేగంగా పాఠం చెబుతుంటే ఇప్పటికీ దాని మూత దించి వింటాను.

నాకు పరీక్ష రాసిపెట్టిన ఆ అమ్మాయి ఈ ఏడాది డిగ్రీలో చేరింది. వాళ్ళ మామ ల్యాప్‌టాప్ కొనిస్తానన్నాడట. "దాంట్లోనే నోట్సు రాసుకునేదా అక్కా? నీకు తెలుసు గదా" అని అడిగింది.

నాకు తెలుసని అనిపించలేదు. నాకు వేరే దారి లేక వాడాను. దాని వల్ల నిలబడ్డాను, దాని వల్లే ముందు మునగబోయాను కూడా. ఏది చెబితే ఆ పిల్లకు ఏమవుతుందో అని భయం వేసింది. ఆ మాటే చెప్పాను.

"నీకు భయమైతే నేనేం జేసేది?" అంది విసుగ్గా. మళ్ళీ తనే, "సరేలే, ముందు పెన్నుతో చూస్తా" అని, ఇంటికి పోవడానికి చెప్పులు వేసుకుంది.