రాయి దొర్కలేదా

మా అమ్మ ఏళ్ల తరబడి నన్ను ఒకే ప్రశ్న అడుగుతోంది. కందిపప్పు చెరుగుతూ అడుగుతుంది, బర్రెకు గడ్డి వేస్తూ అడుగుతుంది, నేను నారాయణఖేడ్ నుంచి బస్సు దిగి ఇంకా చెప్పులు విడవకముందే అడుగుతుంది.

"సముద్రంల రాయి దొర్కలేదా బిడ్డా వానికి?"

"దొర్కలేదమ్మా," అంటాను.

అది అబద్ధం. నా తమ్ముడికి సముద్రంలో రాయి దొరికింది. దొరికింది కాబట్టే పోయాడు. ఆ సంగతి అమ్మ చెవిన పడకుండా ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చాను. నా నోరు ఎలాంటిదో డిపో దగ్గర నా కుట్టు దుకాణానికి వచ్చే ఆడవాళ్లను అడగండి. జాకెట్ బిగుతైందని ఎవరైనా అంటే, జాకెట్ కాదు నువ్వే లావైనవని మొహం మీదే చెప్పే మనిషిని. అలాంటిదాన్ని ఈ ఒక్క మాట దగ్గర నోరు కుట్టేసుకున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా బావి గురించి చెప్పాలి.

మా చేను నాగల్‌గిద్ద దిక్కున ఉంది. కంది, జొన్న తప్ప వేరే పంట పెద్దగా తెలియని నేల. అందులో ఒక పాత రాతికట్టు బావి. దిగడానికి వీలుగా గోడలోంచి రాళ్లు బయటికి పొడుచుకుని ఉంటాయి. నాన్న మా చిన్నప్పుడే పోయాడు కాబట్టి మాకు ఈత నేర్పేవాళ్లు లేరు. అమ్మకా ఈత రాదు. అయినా ఆమే నేర్పింది. ఎండిన సొరకాయ బుర్రలు మా వీపున కట్టి, మోకు ఒక కొస నడుముకు ముడేసి, రెండో కొస తను పట్టుకుని గడ్డన కూర్చునేది. ఆమెకు తెలిసిన ఈత అంతా ఒక్క మాటే.

"అలిసినవంటే రాయి పట్టుకో."

ఆ మాటలో తప్పేమీ లేదు. బావిలో ఎటు పోయినా నాలుగు బారలు వేస్తే గోడ వస్తుంది. రాయి పట్టుకుని ఊపిరి తీసుకున్నామా, ఇక బావి మనల్ని ఏమీ చేయదు. తమ్ముడు నాకంటే ముందే మోకు విప్పించుకున్నాడు. గడ్డ మీది నుంచి దూకితే నీళ్లు ఎగిరి అమ్మ కొంగు మీద పడేవి. అమ్మ తిట్టేది, తిడుతూనే నవ్వేది. వాడు మునిగి తేలగానే చేసే మొదటి పని ఒక రాయి పట్టుకుని తల ఎత్తి అమ్మ మొహం చూడడం. పెద్దవాడై, మీసాలొచ్చి, ఖేడ్ నుంచి ఊళ్లకు ఆటో తోలే రోజుల్లో కూడా ఎండాకాలం బావిలో దిగితే అంతే.

వాడికి పెళ్లై పుట్టిన పాప పాలు మానిన ఏడు కంది బాగా పండింది. ఒకరోజు ఆటో తెచ్చి నా దుకాణం ముందు ఆపి, దిగకుండానే అన్నాడు.

"అక్కా, విశాఖపట్నం పోదాం పా. సముద్రం చూడకుంట సచ్చినోళ్లు మన ఊర్ల మస్తుమంది ఉన్నరు. గా లెక్కల మనం ఉండొద్దు."

వాడు, మరదలు, నేను బయల్దేరాం. అమ్మను రమ్మంటే బర్రె ఈనేటట్టున్నది, ఇప్పుడు ఎట్ల వస్తనని కదల్లేదు. పాపను కూడా తన దగ్గరే ఉంచుకుంది. మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చి, జొన్నరొట్టెల మూట కిటికీలోంచి అందిస్తూ తమ్ముడికి చెప్పింది.

"పెద్ద నీళ్లు గదరా. అలిసినవంటే రాయి పట్టుకో."

ముందు సీటులో ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు మాత్రం నవ్వలేదు. "పట్టుకుంటలే అమ్మా," అన్నాడు.

విశాఖపట్నంలో సముద్రం మాకు మొదట ఒక వీధి చివర కనబడింది. ఆకాశమే అనుకున్నాను. దగ్గరికి పోయేకొద్దీ ఆ ఆకాశం కదులుతోంది. మరదలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తమ్ముడు ప్యాంటు కూడా మడవకుండా నీళ్లలోకి నడిచాడు. దోసిట్లో నీళ్లు తీసి నాలుక మీద వేసుకుని వెనక్కి తిరిగాడు.

"ఉప్పు జర ఎక్కువైంది అక్కా. నీ పప్పు లెక్కనే."

వీపు మీద ఒక్కటి వేశాను. ఆ దెబ్బ చప్పుడు ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.

అక్కడ నీడలో నిలబడినా చెమట ఆగదు. మా దగ్గరి ఎండ కాలుస్తుంది, ఆ ఊరి ఎండ నానబెడుతుంది. అయినా తిరిగాం. ఒడ్డున నిలబెట్టిన జలాంతర్గామిలో వంగి వంగి నడుస్తుంటే, "గీ బండి స్టీరింగ్ యాడుంది సార్," అని తమ్ముడు చూపించే ఆయన్ను అడిగాడు. ఆయన నిజంగానే చూపించాడు. కైలాసగిరి మీదికి తీగ మీద పోయే డబ్బాలో ఎక్కాం. గుంతల దారిలో కూడా ఒంటి చేత్తో ఆటో తోలేవాడు అందులో కళ్లు మూసుకుని పెళ్లాం భుజం పట్టుకున్నాడు. నేను ఊరుకుంటానా, కొండ దిగేదాకా వాణ్ణి సతాయించాను. సాయంత్రం ఇసుకలో కూర్చుని ముంత మసాలా తిన్నాం. బతుకంతా జాకెట్లు కుట్టినదాన్ని, నాకు ఇంత సుఖం కూడా రాసిపెట్టి ఉందా అనుకున్నాను. నా దిష్టే తగిలిందేమో.

వాడికి ఒక్కటే అసంతృప్తి. ఊరి బీచిలో నడుము లోతుకు పోతే చాలు, కాపలావాళ్లు ఈల ఊది వెనక్కి పిలిచేవాళ్లు.

"మోకాళ్ల లోతుల నిలవడానికి గింత దూరం వచ్చినమా?" అని సణిగాడు.

మర్నాడు పొద్దున ఆటో మాట్లాడుకుని సముద్రం వెంట ఉన్న రోడ్డు మీద చాలా దూరం పోయాం. ఒకచోట జనం లేని ఒడ్డు కనబడింది. కొన్ని పడవలు, వలలు బాగుచేసుకుంటున్న కొందరు మనుషులు, కుడివైపు నీళ్లలోకి పోయిన నల్లటి రాళ్లు. తమ్ముడు ఆటో ఆపించాడు. చొక్కా విప్పి మరదలి చేతిలో పెట్టి నీళ్లలో దిగాడు.

అలల మీద వాడి తల పైకి లేస్తూ దిగుతూ ఉంటే చూడ్డానికి ముచ్చటేసింది. కొంతసేపటికి వాడు ఒడ్డు దిక్కు తిరిగాడు. బారలు వేస్తున్నాడు గాని దగ్గరికి రావడం లేదు.

"వదినా, ఆయన అలిసిండు," అంది మరదలు.

అప్పుడే వాడు ఈదడం ఆపి చుట్టూ చూశాడు. ఏం వెతుకుతున్నాడో నాకు తెలుసు. నేనూ ఆ బావిలోనే నేర్చుకున్నాను కదా. వాడికి నల్లరాళ్లు కనబడ్డాయి. అటు తిరిగాడు. ఈసారి నీళ్లే వాణ్ణి తోసుకుపోయినట్టు తొందరగా చేరాడు. రెండు చేతులూ రాయి మీద పడడం నా కళ్లతో చూశాను.

"రాయి దొర్కింది. ఇగ ఏం ఫికర్ లేదు," అన్నాను మరదలితో. అని, కూర్చుని రొట్టెల మూట విప్పాను. ఈదివచ్చినవాడికి ఆకలేస్తుందని.

వాడు తల ఎత్తి మా దిక్కు చూశాడు. వెనక అల వచ్చింది. అల వెళ్లిపోయాక రాయి ఒక్కటే ఉంది, తడిసి మెరుస్తూ. వలల దగ్గరి మనుషులు అరుస్తూ పరిగెత్తారు. తమ్ముడు ఇంకోసారి తేలాడు. సముద్రం లోపలికే పొమ్మని, రాళ్లకు దూరంగా పొమ్మని వాళ్లు చేతులూపుతున్నారు. వాడు మళ్లీ ఆ రాయికే వచ్చాడు.

తర్వాత వాణ్ణి ఇసుక మీద పడుకోబెట్టాక, వాళ్లలో పెద్దాయన తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ నన్ను అడిగాడు.

"లోపలికెల్లిపోయినా బాగుండునమ్మా. పడవేసుకెల్లి తెచ్చేసీవోళ్లం. ఆ రాళ్లకాడికెందుకెల్లినాడు? అల రాయికేసి కొట్టేస్తాది, అటేపు మేమే ఎల్లం."

నేనేం చెప్పను? మా అమ్మ నేర్పిందని చెప్పనా? నేను కూడా వాడు బతికాడనుకుని రొట్టెలు విప్పానని చెప్పనా? ఇసుకలో కూర్చుని ఏడ్చాను.

ఇంటికి తెచ్చాం. బట్టలో చుట్టి ఉన్నాడు. చెయ్యి ఒక్కటి బయటికి తీయమని అమ్మ అడిగింది. తీశారు. పాడె ఎత్తేదాకా ఆ చెయ్యి విడవలేదు. అప్పుడే మొదటిసారి నా మొహం చూసి, "రాయి దొర్కలేదా బిడ్డా?" అంది. ఆలోచించే టైమే లేదు. "దొర్కలేదమ్మా" అన్న మాట దానంతట అదే వచ్చింది. పక్కనున్న మరదలు తల దించుకుంది. ఆమె కూడా ఆ మాటే నిలబెట్టింది, ఈరోజుదాకా.

ఆ తర్వాత నేను నీళ్ల మీద పగబట్టాను. టీవీలో సముద్రం వస్తే చానల్ మారుస్తాను. చెరువు మీద అలిగి కడుక్కోవడం మానేసినట్టుంది నా కథ, సముద్రానికి పోయేదేముంది. తమ్ముడి బిడ్డను బావి ఛాయలకు పోనీయొద్దని అందరికీ గట్టిగా చెప్పాను. పోయిన ఎండాకాలం, బడికి సెలవులిచ్చాక చేనుకు పోతే, బావి గడ్డన అమ్మ కూర్చుని ఉంది. చేతిలో మోకు. కింద నీళ్లలో ఆ పిల్ల, వీపున సొరకాయ బుర్రలు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు బుద్ధున్నదా అమ్మా? ఒకడు పోయింది సాలలేదా?"

"ఈత రానోళ్లు కూడ బావిల పడ్తరు బిడ్డా," అంది అమ్మ, నా దిక్కు చూడకుండానే. తర్వాత లోపలికి వంగి పిల్లకు చెప్పింది. "అలిసినవా? రాయి పట్టుకో."

నేను గడ్డ అంచుకు ఉరికాను.

"వద్దు, రాయి దిక్కు పోకు," అని అరిచాను. "రాయి పట్టుకుంటే సస్తవ్."

అరిచాక తెలిసింది ఏమన్నానో. బావిలో నా గొంతు తిరిగి నాకే వినబడింది. పిల్ల భయపడి మధ్యలో ఆగిపోయింది. అమ్మ మోకును మెల్లగా తన వైపు లాగి, పిల్లను గోడకు చేర్చింది. పిల్ల రాయి పట్టుకుని, రొప్పుతూ, తల ఎత్తి నాయినమ్మ మొహం చూసింది. అచ్చం వాడిలాగే.

"బావిల రాయి పట్టుకోకుంటే ఇంకేం పట్టుకుంటదే," అంది అమ్మ. మోకు చేతికి చుట్టుకుంటూ చెప్పింది. "నాకెరుకే బిడ్డా. గా దినం చెయ్యి పట్టుకున్న గద. అరిచెయ్యంత కోసుకపోయి ఉండె. గోర్లల్ల నాచుండె. పట్టుకోమన్న, పట్టుకున్నడు. వాడు నా మాట ఎన్నడన్న కాదన్నడా?"

నేను ఆమె పక్కన కూలబడ్డాను. ఏడుపు ఆపుకోవడం నాతో కాలేదు.

"మరి ఎరికై కూడ ఇన్నేండ్లు నన్నెందుకు అడిగినవమ్మా?"

"నువ్వు దొర్కలేదంటుంటివి గదా," అంది. "గా మాట ఇంటె ఆ పూట బువ్వ తినబుద్ధైతుండె."

పొద్దు వాలేదాకా పిల్ల ఈదింది. నేను కూడా మోకు మీద ఒక చెయ్యి వేసి కూర్చున్నాను. ఇంటికి పోతుంటే పిల్ల తడి జుట్టుతో ముందు ఉరికింది. అమ్మ చేను గట్టు మీద నా వెనకే వస్తోంది. కొంతదూరం పోయాక ఆమె అడుగుల చప్పుడు ఆగింది.

"సముద్రంల రాయి దొర్కలేదా బిడ్డా వానికి?"

నేను వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"దొర్కలేదమ్మా," అన్నాను.