అన్న ఆఖరి గ్లాడియేటర్

ఇది ఒక మహావీరుడి గాథ. కత్తులు, నెత్తురు, వేలమంది కేకలు అన్నీ ఉంటాయి. నిజం చెప్పాలంటే వీరుడి ఎత్తు బొటనవేలంత. కేకలు వేసింది పటమటలో ఒక మేడగదిలో కూర్చున్న మేం నలుగురం.

పాతకాలపు రోములో చచ్చేదాకా కొట్లాడే గ్లాడియేటర్ల బొమ్మలకు రంగులు వేసి, బల్ల మీద పాచికలతో కొట్లాడించే ఆట మాది. ఆదివారం చర్చి అయ్యాక తెల్లచొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చే అన్న మాలో పెద్ద. చచ్చిన బొమ్మల్ని మేం మరుసటి వారం మళ్ళీ లేపేవాళ్ళం. ఆయన లేపేవాడు కాదు. ఒక్క వేలితో పక్కకు పడుకోబెట్టి, "పోయినోడు పోయాడ్రా" అని, పై వారానికి కొత్తవాడికి రంగు వేసుకొచ్చేవాడు.

కీమో మొదలయ్యాక చేతులు వణికి కుంచె పట్టలేకపోయాడు. రంగేసిన బొమ్మల్లో మిగిలింది ఒక్కడు. వాడు పోతే అన్న ఆట కూడా అయిపోయినట్టే. అందుకని అందరం కూడబలుక్కుని ఓడిపోవడం మొదలుపెట్టాం. మా నటనకు వీధి నాటకంలో కూడా వేషం దొరకదు.

"ఏరా, నాకొచ్చింది కేన్సరు, గుడ్డితనం కాదు. సరిగ్గా ఆడు" అన్నాడు నాతో.

సరిగ్గానే ఆడాను. ఆరు పడింది. అన్న తన ఆఖరివాణ్ణి మెల్లిగా పడుకోబెట్టి, తర్వాత తీసి నా చేతిలో పెట్టాడు.

"చూశావా, ఎంత బాగా పోయాడో!"

నెల తిరక్కుండా అన్న పోయాడు. వీరుణ్ణి ఆయన పక్కన పెడదామని జేబులో వేసుకుని వెళ్ళాను. ఆయన్ని ఉంచిన ఫ్రీజర్ బాక్సు మూత మీద చెయ్యి వేశానో లేదో, అది తెచ్చినతను అడ్డం వచ్చాడు.

"మూత తియ్యకూడదండీ. కూలింగ్ పోద్ది."