ముందు నేనెక్కాలి!

మా పెద్ద డాక్టరుగారికి ఒక్కటే పిచ్చి. బరువు చూసే మిషన్ కనబడితే చాలు, దాని మీద ముందు ఆయనే ఎక్కాలి. జారుడుబల్ల దగ్గర పిల్లాడిలా వరసలో ఉన్నవాళ్ళని పక్కకి జరిపి, "ఆగండాగండి, ముందు నేను!" అంటూ ఎక్కేస్తారు. పోనీ ఎక్కి ఊరుకుంటారా? అంకె చూసి వీధి చివరిదాకా వినబడేలా, "అబ్బబ్బబ్బ! మళ్ళీ పెరిగాను! సిగ్గులేని ఒళ్ళు!" అని తన్ను తానే తిట్టుకుంటారు. అప్పుడు దిగి, వెనకున్న మనిషి వైపు తిరిగి, "రండి, రండి. నాకంటే మీరే నయం" అంటారు.

ఆయన అసలు పేరు చెబితే ఊళ్ళో ఎవరూ పోల్చుకోరు. "ముందునేను డాక్టరుగారు" అనండి, ఇల్లు చూపిస్తారు.

మా ఆఫీసు పని జబ్బు నయం చెయ్యడం కాదు, జబ్బు ఎవరికి ఎలా వస్తుందో ఆరా తియ్యడం. వీధి వీధికీ క్యాంపు పెట్టి, వచ్చినవాళ్ళ బరువు, నడుము, బీపీ చూసి, రక్తం, మూత్రం పరీక్షకి పంపిస్తాం. కొన్నేళ్ళు పోయాక మళ్ళీ అదే వీధికి వెళ్ళి మళ్ళీ అదే మనుషుల్ని పట్టుకుంటాం. ఒళ్ళు పెరిగితే కిడ్నీకి ఏమవుతుంది, కిడ్నీ నీరసిస్తే గుండెకి ఏమవుతుంది, ఈ మూడూ ఒకదానికొకటి ఎక్కడ చెయ్యందించుకుంటాయి అన్నది తేల్చాలి. చిక్కేమిటంటే కిడ్నీకి మొహమాటం ఎక్కువ. సగం పాడైపోయినా కిక్కురుమనదు. మనమే పనిగట్టుకుని వెళ్ళి పలకరించాలి. నేను అక్కడ నర్సుని. బరువు మిషన్ నా చేతిలోనే ఉంటుంది.

తూకం విషయంలో డాక్టరుగారంత చాదస్తుణ్ణి నేనెక్కడా చూడలేదు. చెప్పులు తియ్యాలి, ఫోన్ తియ్యాలి, తాళాలు తియ్యాలి. ఒకసారి ఒక పంతులమ్మగారి జడలో క్లిప్పు దగ్గర ఆగిపోయారు. ఇంకోసారి ఒక పెద్దాయనకి ఒళ్ళు మండింది.

"పర్సు తీశాను, బెల్టు తీశాను, చివరికి దువ్వెన కూడా తీశాను. కట్టుడు పళ్ళు కూడా తియ్యమంటారా?"

డాక్టరుగారు గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించారు. "వద్దులెండి. మీరు అడిగారు కాబట్టి ఆలోచించాను గానీ, నాకు తట్టలేదు" అన్నారు.

ఇంత చాదస్తుడూ తను ఎక్కేటప్పుడు మాత్రం కోటు తియ్యరు. అది మోకాళ్ళదాకా వేలాడే ముదురు గోధుమరంగు కోటు. బయట ఎండ పెళ్ళున కాస్తున్నా అది ఒంటి మీదే ఉండాలి.

"మాకొక రూలూ మీకొక రూలూనా?" అని ఎవరైనా అడిగితే, "నాకు చలండీ బాబూ! అయినా నా బరువు ఏ లెక్కలోనూ ఎక్కదు. సరదాకి చూసుకుంటానంతే" అనేవారు, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ.

ఇక నా బుర్ర తొలిచేసిన సంగతి చెబుతాను. ఆయన బరువు ఏ రోజుకారోజు మారిపోయేది. సోమవారం ఎనభై రెండుంటే బుధవారానికి తొంభై. శుక్రవారం చూస్తే మళ్ళీ ఎనభై రెండు. మిషన్ చెడిపోయిందనుకుని బాగుచేయించాను. బాగుచేసినవాడు, "మిషన్‌కేం లేదు మేడం, ఎక్కేవాళ్ళని చూపించుకోమనండి" అని వెటకారంగా తిప్పిపంపాడు.

ఆ వెటకారం నాకు గుచ్చుకుంది. నేను నర్సుని కదా! మనిషి రెండు రోజుల్లో అన్ని కిలోలు పెరిగాడంటే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరుతోందన్నమాట. నీరు చేరిందంటే గుండో కిడ్నీయో మొరాయిస్తున్నట్టే. అందరి కిడ్నీల వెంటా పడి తిరిగే మనిషి తన కిడ్నీ సంగతి గాలికొదిలేశాడా? పైగా క్యాంపు రోజుల్లో ఆయన నడక కూడా భారంగా ఉండేది. మెట్లెక్కితే ఆయాసపడేవారు. నాకు బెంగ పట్టుకుంది. ఆయనంటే నాకు విసుగే, కానీ ఆయన లేని ఆఫీసు ఊహించుకుంటే కాళ్ళూ చేతులూ ఆడలేదు.

వాపు ఉందేమో చూద్దామని ఒకరోజు కింద పడ్డ పెన్ను తీసే వంకతో వంగి ఆయన కాలు బొటనవేలితో నొక్కాను. నీరుంటే గుంట పడాలి. పడలేదు.

"ఏం చేస్తున్నారు సిస్టర్?"

"చీమండీ."

"పోయిందా?"

"పోయిందండీ."

మూత్రం పరీక్షకి రోజూ పొద్దున్నే ఆయన బల్ల మీద ఒక సీసా పెట్టేదాన్ని. మధ్యాహ్నానికి అందులో పెన్నులుండేవి. "బాగుంది సిస్టర్, ఇన్నాళ్ళకి పెన్నుల స్టాండు ఇచ్చారు" అని మెచ్చుకునేవారు కూడాను. ఆ మెప్పు ఎక్కడ పెట్టుకోను?

ఇంట్లో మా ఆయన, "నీ మొగుడి బీపీ చూసి ఎన్నాళ్ళయింది?" అని దెప్పేవారు. ఆయన బాధ ఆయనది.

నా బెంగ నాదైతే మా వ్యాను డ్రైవరు గోల ఇంకొకటి. క్యాంపు ఉన్న పొద్దుటల్లా ఇనప సామాన్ల పెట్టె తీసి గగ్గోలు పెట్టేవాడు. "అక్కా, నా పెద్ద పానా మళ్ళీ మాయం! నిన్న రాత్రి తుడిచి పెట్టాను!" సాయంత్రానికి అది పెట్టెలోనే ఉండేది. ఒకరోజు పానా, ఒకరోజు సుత్తి, ఒకరోజు వెనక తలుపుకి వేసే పెద్ద తాళం. "ఇవి షికారుకెళ్ళి వస్తున్నాయక్కా" అని కళ్ళు పెద్దవి చేసేవాడు. "నీకు నిద్ర చాలడం లేదు తమ్ముడూ" అనేదాన్ని. నా బుర్రకి అంతకంటే ఏమీ వెలగలేదు.

అలా ఉండగా లైబ్రరీ వీధిలో క్యాంపు పడింది. లైబ్రరీ గదిలో బల్లలు జరిపి మిషన్ పెట్టాం. ఎదురుగా టైలరక్క కొట్టు. ఆ వీధిలో అందరి నడుములూ ఆవిడ టేపుకి తెలుసు, ఆవిడ నడుము మాత్రం ఏ టేపుకీ తెలీదు. భారీ మనిషి, చక్కటి నవ్వు. వెనకటి సర్వేలోనూ రాలేదు. అంతకుముందెప్పుడో ఒక క్లినిక్‌లో బరువు చూసినవాడు ఆవిడ అంకెని వేలంపాట పాడినట్టు అరిచాడట. వరసలో ఉన్నవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారట. ఆ రోజు బయటికి వచ్చిన మనిషి మళ్ళీ ఏ డాక్టరు గడపా తొక్కలేదు.

నేను పిలవడానికి వెళ్ళాను. కుట్టు మిషన్ తొక్కుతున్న ఆవిడ పాదాల దగ్గర నా చూపు ఆగిపోయింది. రెండు పాదాలూ ఉబ్బి ఉన్నాయి. చెప్పుల పట్టీలు చాలక, మధ్యలో కత్తిరించి వెడల్పాటి గుడ్డ కలిపి కుట్టుకుంది.

"అక్కా, ఎన్నాళ్ళనుంచి ఈ వాపు?"

"కూచుని చేసే పని కదమ్మా, దిగుతుందిలే."

"మూత్రంలో నురగ వస్తోందా?"

"ఇదేం ప్రశ్నమ్మా!" అని నవ్వింది. రావడం లేదని మాత్రం అనలేదు.

"ఒక్కసారి ఎదుటి గదికి రా అక్కా. ఇది ఊరికే కూచున్నందుకు వచ్చిన వాపు కాదు. ఇప్పుడు చూస్తే మందులతో పోతుంది. ఇంకా నాన్చితే కిడ్నీలు చేతులెత్తేస్తాయి."

"నన్ను ఆ మిషన్ ఎక్కించే మాటైతే మాత్రం వెళ్ళిరామ్మా" అని దారం పళ్ళతో తెంపింది.

వచ్చి డాక్టరుగారికి చెప్పాను. ఆయన కొట్టు గుమ్మందాకా వెళ్ళి తల పక్కకి వాల్చి ఆవిడ వంక ఒక్క క్షణం చూశారు. తర్వాత వ్యాను వైపు వెళ్ళారు. కాసేపటికి డ్రైవరు గొంతు, "ఓరి నాయనో! ఇవాళ పెట్టె మొత్తం ఖాళీ!" అని వినబడింది. డాక్టరుగారు అడుగులో అడుగు వేసుకుంటూ, ఆయాసపడుతూ మళ్ళీ కొట్టు దగ్గరికి వచ్చారు. ఆ నడక చూసి, ఇక ఈయన పని అయిపోయిందనుకున్నాను.

"అమ్మా, మిమ్మల్ని ఎక్కమనడం లేదు. నేను ఎక్కుతాను, చూడ్డానికి రండి. నా అంకె చూసి నవ్వుకుని వెళ్ళిపోండి."

టైలరక్కకి నవ్వొచ్చింది. మెళ్ళో టేపుతోనే లేచి లైబ్రరీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. గదిలో వరసకట్టిన జనం మెడలు సాచారు.

"ఆగండాగండి, ముందు నేను!"

డాక్టరుగారు ఎక్కారు. అంకె తొంభై దాటింది, వంద దాటింది.

"అబ్బబ్బబ్బ! మళ్ళీ పెరిగాను! సిగ్గులేని..."

ఒళ్ళు అనే లోపల పర్రుమని చప్పుడైంది. కోటు లోపలి జేబు నిలువునా చిరిగి, పెద్ద పానా ధన్‌మని మిషన్ పక్కన పడింది. దాని వెనకే సుత్తి, దాని వెనకే తాళం. ఆయన రెండో జేబు పట్టుకోబోయారు. అది కూడా చిరిగింది. అందరూ చూస్తుండగానే మా డాక్టరుగారు కిలోలకి కిలోలు చిక్కిపోయారు.

గుమ్మంలోంచి డ్రైవరు, "నా పానా!" అని తప్పిపోయిన బిడ్డ కనబడినట్టు అరిచాడు.

నేను నీరనుకున్నాను. ఇనుము!

వరసలోంచి, ఆ వీధిలోనే ఉండే మన కట్టుడు పళ్ళ పెద్దాయన ముందుకొచ్చాడు. "ఏమండీ, నా దువ్వెన కూడా తీయించారు కదండీ!"

గదంతా గొల్లుమంది. పెద్ద డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. టైలరక్క మాత్రం నవ్వలేదు. నెమ్మదిగా దగ్గరికి వచ్చి చిరిగిన జేబు రెండు వేళ్ళతో పట్టి చూసింది.

"ఇంత పల్చటి గుడ్డ ఇంత ఇనుముకి ఆగుతుందా డాక్టరుగారూ?"

"అదీ... చలికి..."

"ఇనుముతో చలి ఆగుతుందా?" అని ఆయన మొహంలోకి చూసింది. "ఇదంతా నాకంటే ఎక్కువ తూగడానికేనా?"

ఆయన నేల చూపులు చూశారు. "మీ వెనకెవరూ నవ్వకూడదు కదమ్మా. నవ్వాలంటే నన్ను చూసి నవ్వుకుంటారు. నాకలవాటే."

టైలరక్క కళ్ళు చెమర్చాయి. వెంటనే ఫక్కున నవ్వేసింది. మెళ్ళో టేపు తీసి బల్ల మీద పెట్టింది. కత్తెర పెట్టింది. వేలి తొడుగు కూడా తీసి పెట్టింది. అతుకుల చెప్పులు విప్పింది. "చూస్కోండి, నేను మీలా మోసం చెయ్యను!" అని మిషన్ ఎక్కేసింది. డాక్టరుగారు గోడ వైపు తిరిగారు. ఆయన్ని చూసి వరసలో ఉన్నవాళ్ళందరూ గోడ వైపు తిరిగారు. అంకె నేనొక్కదాన్నే చూశాను. మీకు చెప్పను.

ఆవిడ బీపీ ఆకాశంలో ఉంది. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. కిడ్నీలు నీరసించడం మొదలుపెట్టాయి గానీ చేతులు ఎత్తెయ్యలేదు. డాక్టరుగారే దగ్గరుండి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చూపించారు. మందులు పడ్డాయి, ఉప్పు తగ్గింది, వాపు దిగింది. ఇప్పుడు చెప్పుల పట్టీల్లో కలిపి కుట్టిన గుడ్డ విప్పేసింది. "వదులైపోయాయి, మళ్ళీ పాత కొలతకే వచ్చాను" అని నాకు కాలు చాపి మరీ చూపించింది.

అయితే ఆవిడ చేసిన మొదటి పని అది కాదు. క్యాంపు అయిన మర్నాడే డాక్టరుగారి కోటు లాక్కుని, లోపల మందపాటి గుడారపు గుడ్డతో రెండు పొరల జేబులు కుట్టి ఇచ్చింది. "ఇక ఏనుగుని దాచుకున్నా చిరగదు" అంది.

ఆవిడ కోటు ఇచ్చిన సాయంత్రం వ్యానులో వస్తుంటే నాకొక సంగతి గుర్తొచ్చింది. నేను ఉద్యోగంలో చేరిన రోజు మా అందరికీ బరువు చూశారు. అసలే నాది పలచటి ఒళ్ళు కాదు. కొత్త చోటు, చుట్టూ కొత్త మొహాలు, సిగ్గుతో చచ్చిపోతున్నాను. అప్పుడు ఈ డాక్టరుగారే తోసుకుంటూ వచ్చి ముందు ఎక్కి, తిట్టుకుని, "రండి సిస్టర్, నాకంటే మీరే నయం" అన్నారు. నిజంగానే నయం. ఆ రోజు ఇంటికెళ్ళి, "మా ఆఫీసులో నాకంటే లావుపాటాయన ఉన్నాడు" అని మా ఆయనకి గొప్పగా చెప్పి, రెండు చెంచాల పంచదార వేసుకుని టీ తాగాను.

"తమ్ముడూ, నేను చేరిన రోజు నీ పెట్టెలో ఏమైనా పోయిందా?" అని డ్రైవర్ని అడిగాను.

"ఆ రోజు మర్చిపోతానా అక్కా? వ్యాను లేపే జాకీయే పోయింది!"

మర్నాడు కొత్త వీధిలో క్యాంపు. వరస చివర, తలుపు చాటున ఒక భారీ మనిషి లోపలికి రావాలా, ఇంటికి పోవాలా తేల్చుకోలేక నిలబడ్డాడు. డాక్టరుగారు తల పక్కకి వాల్చి అతని వంక చూశారు. నేను మాట్లాడకుండా వ్యాను దగ్గరికి వెళ్ళి, జాకీ తువ్వాల్లో చుట్టి తెచ్చి, పక్కగదిలో ఆయన కొత్త జేబులో పెట్టాను.

"సరిపోతుందంటారా డాక్టరుగారూ?"

ఆయన నా వంక ఒకసారి చూసి, కోటు సర్దుకుని, గొంతు తగ్గించారు. "మనిషి మంచి పొడగరి సిస్టర్. పెద్ద పానా కూడా పడెయ్యండి."

పడేశాను. ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ బయటికి నడిచి, వీధి దద్దరిల్లేలా అరిచారు.

"ఆగండాగండి, ముందు నేను!"